గడ్డివెంటి ముడి

ముప్పై ఏళ్లు పోలీసు డిపార్ట్‌మెంటులో చేశాను. రిటైరయ్యాక ఏలూరులో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాను. నా కేసుల గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు కొత్త కాదు, ఆ మాట మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. ఈ ఒక్క కేసు గురించి ఎవరడిగినా ఇన్నాళ్లూ మాట దాటేస్తూ వచ్చాను. ఇవాళ చెప్పడానికి కూర్చున్నాను కాబట్టి జరిగింది జరిగిన వరసలోనే చెబుతాను. ఆ రోజు నాకెంత తెలుసో మీకూ అంతే తెలుస్తుంది.

మే నెల, శుక్రవారం. పొద్దున్న తొమ్మిదింటికి అఖిల ఫోన్ చేసింది.

"రాజుగారూ, మడుగు పోయిందండీ" అంది. "బురదంతా ఒక్కసారి దిగిపోయింది. నిత్యానందంగారు పోయారండీ. జోగయ్యగారిని పోలీసులు పట్టుకున్నారు. సాయంత్రం అయిదింటికి కోర్టులో పెడతారట. మీరు రండి."

అఖిల చేపల సైంటిస్టు. పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళ్తే కొంగలేరు అని ఒక చిన్న ఏరుంది. దాని మీద ఎనభై ఏళ్ల నాటి ఆనకట్ట. దాని కింద తడిసే వరిచేను ఇప్పుడు ఒక్కటీ లేదు, అంతా చేపల చెరువులే. కొల్లేటిలో ఉండే వాలుగ చేపలు జూన్‌లో తొలి వరద రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కాలి. ఆనకట్ట అడ్డం పడి ఎక్కలేక, ఏటేటా తరిగిపోయి, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అందుకని ఆనకట్టని తీసేద్దామని నిర్ణయమైంది.

తియ్యడమంటే జేసీబీ తెచ్చి కొట్టడం కాదు. గోడ వెనక నిలువెత్తున కుళ్లిన నల్లబురద ఉంది. అది ఒక్కసారి వదిలితే, కింద మడుగులో వేసవంతా తలదాచుకునే తల్లిచేపలు ఊపిరాడక చస్తాయి. జనవరి నుంచీ ఆ బురదని కొంచెం కొంచెంగా తోడిస్తున్నారు. ఆనకట్ట షట్టరు ఎవరూ ముట్టుకోకూడదు. అరకిలోమీటరు పైనుంచి ఒక పైపు చుట్టూ తిప్పి తెచ్చి, దాని ద్వారా మడుగుకి మంచినీళ్లు అందిస్తున్నారు. మడుగులో నలభై మూడు తల్లిచేపలున్నాయని అఖిల లెక్క. ఇంకో ఇరవై రోజులు గడిస్తే వరద వచ్చేది, చివరి గోడ తీసేసేవారు.

అక్కడ కాపలా నిత్యానందం. కలిదిండి చెరువుల మీద ముప్పై ఏళ్లు కాపలా కాసి వచ్చిన మనిషి. మడుగుకి అవతలి గట్టున జోగయ్య ఉంటాడు. తాతల నాటి నుంచీ వల పట్టిన ఇల్లు, ఇప్పుడు అఖిలకి చేపల లెక్క రాయించేది ఆయనే.

వీళ్ల మధ్యకి నేనెందుకు వెళ్లానంటే, పది రోజుల కిందట ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. 'ఆనకట్ట జోలికొస్తే మడుగులో ఒక్క చేప మిగలదు. మీ పైపులోనే మందు కలుపుతాం' అని. అఖిల భయపడి నన్ను పిలిచింది. మంగళవారం పొద్దున్న వెళ్లాను. పైపు మూయించి, గంటసేపు నిలవున్న నీళ్లు సీసాల్లో పట్టించి, నిత్యానందానికి నాలుగు జాగ్రత్తలు చెప్పాను. ఈలోగా తణుకు నుంచి ఇంకో కేసు వాళ్లు ఫోన్ చేస్తే హడావుడిగా బయల్దేరిపోయాను. మర్నాడు రిపోర్టు వచ్చింది, నీళ్లలో ఏ మందూ లేదు. తాడేపల్లిగూడెంలో ట్రైనింగులో ఉన్న అఖిలకి ఆ సంగతి ఫోన్లో చెప్పాను. ఆమె హమ్మయ్య అనుకుంది. నేనూ అనుకున్నాను.

శుక్రవారం పదిన్నరకి నేను కారు దిగేసరికి గట్టు మీద ఇన్‌స్పెక్టర్ శివాజీ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు నా కింద ఎస్సైగా చేశాడు. రిపోర్టులో తారీఖు తప్పు రాశాడని పదిమందిలో కాగితం మొహాన కొట్టాను. ఆ సంగతి నేను మర్చిపోయాను గానీ అతను మర్చిపోలేదు.

"రండి సార్. ఎండలో పడి ఎందుకొచ్చారు, ఫోన్ చేస్తే నేనే చెప్పేవాణ్ని కదా" అన్నాడు చల్లగా.

"కేసు సంగతి చెప్పవయ్యా."

"కేసు అయిపోయింది సార్. నిన్న సాయంత్రం ఆరింటికి పైపు దగ్గర నిత్యానందం, జోగయ్య గట్టిగా అరుచుకున్నారు. 'విప్పుతావా లేదా' అని జోగయ్య మీదమీదకి వెళ్లడం కాలవ కాపలా లస్కరు చూశాడు. ఇవాళ తెల్లారగట్ట అయిదూ అయిదుకి షట్టరు లేచి బురద దిగింది. ఆరున్నరకి లస్కరు వచ్చేసరికి నిత్యానందం శవం జోగయ్య ఒళ్లో ఉంది. జోగయ్య మెడదాకా తడిసి ఉన్నాడు. శవానికి ఎడమ కణత మీద దెబ్బ. గొడవ దేనికని అడిగితే నోరు విప్పడు. ఇంతకంటే ఏం కావాలి సార్?"

"షట్టరెందుకు ఎత్తాడు? ఆ చేపల్ని కంటికి రెప్పలా చూసేది ఆయనేనే."

"తెడ్డుతో కొట్టి చంపాడు. ప్రమాదంలా కనపడాలని షట్టరు ఎత్తాడు."

"చూసినట్టే చెబుతున్నావు."

"మీ దగ్గరే నేర్చుకున్నాను సార్."

నాకు ఒళ్లు మండింది. నిత్యానందం ఉండే కాపలా పాక వైపు నడిచాను. శివాజీ కూడా లేచి వెనకే వచ్చాడు.

నిత్యానందం భార్య గంగారత్నం పాక అరుగు మీద స్తంభానికి జారబడి కూర్చుంది. శవాన్ని ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోయారు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకుని ఉన్నారు. నేను ఫలానా అని చెప్పి, జేబులోంచి కార్డు తీసి, దాని మీద నంబరు కొట్టేసి పెన్నుతో కొత్త నంబరు రాసి ఇచ్చాను. సంక్రాంతి వెళ్లాక నంబరు మార్చాను. పాత కార్డులు ఒక కట్ట మిగిలిపోయాయి, కొత్తవి వేయించడానికి బద్ధకం.

"అమ్మా, ఇలాంటప్పుడు అడగాల్సి వచ్చింది, ఏమనుకోకండి. ఆయన ఎన్నింటికి లేచారు?"

"నాలుగున్నరకండీ. రోజూ అంతేనండీ. చెరువుల కాడ అలవాటు. తెల్లారగట్ట చేపల్ని చూసొచ్చాకే టీ తాగుతారు."

"వెళ్లి ఎంతసేపటికి వచ్చారు?"

"పది నిమిషాలేనండీ. పరుగున వచ్చారు. 'చేపలు మూతులు పైకెట్టేశాయే, నీళ్లలో గాలి లేదు' అన్నారు. ఫోన్ తీసి రెండుసార్లు చేశారండీ. అటునుంచి ఏదో రికార్డు మాట వచ్చింది. ఎవరికండీ అంటే, చెప్పే టైము లేదన్నారు. 'కొత్తనీరు పెట్టకపోతే అరగంటలో అన్నీ పోతాయి' అని మళ్లీ పరిగెత్తారు. ఫోన్ జేబులోనే పెట్టుకున్నారండీ, ఆయనతోపాటే నీళ్లలో పడిపోయింది."

"అప్పుడు టైమెంతమ్మా?"

"అయిదుకి పది తక్కువండీ. నేను పాలు తియ్యడానికి గేదె దగ్గర కూర్చున్నాను. చెంబు సగం నిండిందో లేదో, హోరుమని చప్పుడు."

"ఆ మధ్యలో ఈ గట్టు దారిన ఎవరైనా వెళ్లారా?"

"లేదండీ. గేదెని దారికి అడ్డంగానే కట్టాం చూడండి. మనిషి దాటాలంటే నేను లేచి పక్కకి తియ్యాలి."

శివాజీ దగ్గాడు. "విన్నారుగా సార్. జోగయ్య నడిచి రాలేదు. ఆనకట్ట మీదుగా అటునుంచి దారి లేదు. మరి అవతలి గట్టు నుంచి తెడ్డు పట్టుకుని రావాలంటే దోనె ఒక్కటే దారి. దోనెలో వచ్చాడు, దోనెలో వెళ్లాడు."

"అయితే దోనె చూద్దాం పద" అన్నాను. "జోగయ్యని కూడా తీసుకురా."

జీపు వెనక సీట్లో కూర్చున్న జోగయ్యని దింపారు. అరవై అయిదేళ్లుంటాయి. పంచె మీద బురద అట్టలు కట్టి ఎండిపోయింది. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు, వెంటనే తల దించుకున్నాడు.

"జోగయ్యగారూ, నిన్న గొడవ దేనికండీ?"

"ఏదో మాటా మాటా వచ్చిందండీ."

"ఏ మాట?"

"పోయినాయన మీద ఇప్పుడెందుకులెండి."

"మీరు చెప్పకపోతే సాయంత్రానికి జైల్లో ఉంటారు."

"అలాగేనండీ" అన్నాడు, ఎవరో మజ్జిగ తాగమన్నట్టు. ఇంత మెత్తగా జైలుకి ఒప్పుకున్న మనిషిని నా సర్వీసులో చూడలేదు.

ముందు ఆనకట్ట మీదకెక్కాం. షట్టరు సగం లేచి, ఓరగా ఇరుక్కుని ఉంది. కింద నల్లబురద ఇంకా సన్నగా కారుతూనే ఉంది. కుళ్లు కంపు. షట్టరు ఎత్తే ఇనప మర దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మర వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే ఇనప నాలుక ఒకటుంటుంది, అది విరిగి ఉంది. విరిగిన చోట తుప్పు లేదు. అంటే కొత్తగా విరిగింది. తిప్పే హ్యాండిల్ చివర రెండు నెరిసిన వెంట్రుకలు, ఎండిన నెత్తురు.

"తెడ్డుతో కొట్టాడన్నావు కదూ" అన్నాను. "ఇటు రా. ఎనభై ఏళ్ల మర. బలంగా తిప్పితే నాలుక విరిగింది. షట్టరు బరువుకి హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగింది. వంగి తిప్పుతున్న మనిషికి సరిగ్గా ఎడమ కణత మీద తగిలింది. తిప్పుతున్నది నిత్యానందం."

శివాజీ వంగి చూశాడు. ఒప్పుకోవడం ఇష్టం లేదు. "జోగయ్య వెనకనుంచి తోసి ఉండొచ్చు" అన్నాడు చివరికి.

"దోనెలో వచ్చి?"

"దోనెలో వచ్చి."

గట్టు దారినే చుట్టు తిరిగి అవతలి గట్టుకి వెళ్లాం. మడుగు నీళ్లు నల్లగా ఉన్నాయి. రేవు దగ్గర జోగయ్య తాటిదోనె నీళ్లలో మునిగి ఉంది, అంచు మాత్రం వేలెడు పైకి కనిపిస్తోంది. తాటిదోనెని పని లేనప్పుడు రాళ్లు వేసి నీళ్లలోనే ముంచి ఉంచుతారు. బయట పెడితే ఎండకి పగిలిపోతుంది. ఆ మాత్రం నాకు తెలుసు.

ప్యాంటు మడుచుకుని దిగాను. దోనె లోపల జానెడు మందాన బురద నున్నగా పేరుకుంది. చెయ్యిపెట్టి దాన్ని తోసి, కింద రాళ్లు తడిమాను. మూడు రాళ్లు. రాయికీ చెక్కకీ కలిపి పచ్చటి పాచి పట్టి ఉంది. ఒక రాయిని కదిపితే ఆ పాచి నా వేళ్ల కిందే అప్పుడు తెగింది.

"నువ్వూ దిగి చూసుకో" అన్నాను. "దోనె తేల్చాలంటే ముందు రాళ్లు తియ్యాలి. వారం నుంచీ ఈ రాళ్లు కదల్లేదు. జోగయ్య దోనెలో రాలేదు. చప్పుడు విని, శవం కనపడి, ఈదుకుంటూ వెళ్లి ఒడ్డుకి లాగాడు. అందుకే తడిశాడు. అవునా జోగయ్యగారూ?"

"ఆయనకి ఈత రాదండీ" అన్నాడు జోగయ్య. "ముప్పై ఏళ్లు చెరువుల మీద ఉన్నారు గానీ ఈత రాదు. నాకు కాస్త ముందు మెలకువ వచ్చుంటే బాగుండేది."

శివాజీ రాళ్లు తడుముకుని పైకొచ్చాడు. మొహం ముడుచుకుపోయింది. అతన్ని చూస్తే నాకు సంతోషం వేసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, వేసింది.

"మరి నిత్యానందం షట్టరెందుకు ఎత్తాడు సార్? ముట్టుకోకూడదని ఆయనకి తెలుసు కదా. అందరికీ చెప్పేది ఆయనే."

"అలవాటయ్యా. చెరువులో తెల్లారగట్ట చేపలు మూతులు పైకెత్తితే ఏం చేస్తారు? పరిగెత్తుకెళ్లి తూము ఎత్తి కొత్తనీరు పెడతారు. ముప్పై ఏళ్లు అదే చేసిన మనిషి. చేపలు చచ్చిపోతుంటే కాళ్లు వాటంతట అవే పరిగెత్తాయి. ఇక్కడ గోడ వెనక ఉన్నది నీళ్లు కాదు, కుళ్లు అని ఆ క్షణంలో తోచలేదు. కాపాడదామనే ఎత్తాడు."

గట్టు మీద అఖిల నిలబడి ఉంది. చేతిలో నోటుపుస్తకం. "నలభై ఒకటి దొరికాయండీ" అంది ఎటో చూస్తూ. "రెండు కనపడలేదు." ఆమె కాళ్ల దగ్గర టార్పాలిన్ కింద వరసగా వెండిరంగు తోకలు. నేను అటు చూడలేకపోయాను.

కానీ నాకు అప్పటికే ఒక ప్రశ్న తట్టింది. అది తట్టినందుకు లోలోపల గర్వపడ్డాను కూడా.

"శివాజీ, ఒక్కటి చెప్పు. మడుగుకి మంచినీళ్లు తెచ్చే పైపు ఉంది. దాని చక్రం పాకకి ఇరవై అడుగుల్లో ఉంది. కొత్తనీరు కావాలంటే అది తిప్పితే చాలు. దాన్ని వదిలేసి రెండొందల గజాలు పరిగెత్తి షట్టరు దాకా ఎందుకెళ్లాడు?"

శివాజీ అవతలి గట్టున ఉన్న పాక వైపు తిరిగి చూశాడు.

"అసలు పైపు నడుస్తుంటే చేపలకి గాలి ఎందుకు తక్కువైంది? పైపు మూసి ఉంది. ఎవడో మూశాడు. ఉత్తరం రాసినవాడు పైపు మాట రాశాడా లేదా? వాడో, వాడి మనిషో మూసి, ఆయన తియ్యకుండా చేశాడు. ఆ మనిషి ఎవడో తేలితే నిత్యానందాన్ని చంపిందెవరో తేలుతుంది. పద."

అందరం మళ్లీ ఇవతలి గట్టుకి వచ్చాం. పైపు చక్రం నేను చెప్పినట్టే బిగించి ఉంది. చక్రానికీ పక్కనున్న ఇనప కమ్మీకీ కలిపి ఎండుగడ్డితో పేనిన వెంటి రెండు చుట్లు చుట్టి, ముడి వేసి ఉంది. ముడి కొసలు రెండూ కిందికి వేలాడుతున్నాయి.

"చూశావా" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "తాడు కాదు, తాళం కాదు. గడ్డి. గుర్తు ఇది. వేలిముద్ర కంటే గట్టి సాక్ష్యం. ఈ ముడి వేయించినవాడే మన మనిషి."

శివాజీ మొదటిసారి నావైపు పాత గౌరవంతో చూశాడు. "మిమ్మల్ని కాదనలేం సార్" అన్నాడు. నేను తాడేపల్లిగూడెంలో పుట్టినవాణ్ని. రైస్‌మిల్లులు తెలుసు గానీ చేపల చెరువుల మీద కట్టే ఇలాంటి గుర్తులు నాకు తెలియవు. అందుకని జోగయ్య వైపు తిరిగాను.

"ఈ ముడి మీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఏమిటిది?"

"చెరువుల కాడ పద్ధతండీ. తూము ఒకరు మూయిస్తే కాపలావాడు వాళ్ల పేరున వెంటి కడతాడు. వాళ్లు చెబితే తప్ప విప్పకూడదు. లేకపోతే నీళ్ల దగ్గర తలకాయలు పగిలిపోతాయండీ. అందుకని పెట్టుకున్నారు."

"అంటే ఇది కట్టింది..."

"నిత్యానందంగారేనండీ."

"ఎవరి పేరున?"

జోగయ్య పంచె మీద ఎండిన బురదని గోటితో గీకుతున్నాడు.

"నిన్న గొడవ దీని గురించేనా? 'విప్పుతావా లేదా' అన్నది ఈ ముడినేనా?"

"అవునండీ. నీళ్లు చెడిపోతున్నాయి, విప్పెయ్యండి అన్నాను. ఆయన విప్పనన్నారు. నాకు కోపం వచ్చి పెద్దగా అరిచాను. నేనే విప్పేసుంటే పోయేదండీ. నాకూ చెయ్యి రాలేదు, కట్టిన ముడి కదా."

"ఎవరి పేరున కట్టాడో చెప్పండి. ఆ ఒక్క పేరు చెబితే మీరు ఇప్పుడే ఇంటికెళ్లిపోవచ్చు. ఇన్‌స్పెక్టర్‌గారు ఇక్కడే ఉన్నారు."

"వద్దులెండి."

"ఎవరికి భయపడుతున్నారు? నేనున్నానుగా."

"భయం కాదండీ" అన్నాడు జోగయ్య. "మొహమాటమండీ."

"మొహమాటమా? మనిషి చచ్చిపోయాడయ్యా. మీరు జైలుకి పోతున్నారు. ఎవరి దగ్గర మొహమాటం?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. నీళ్లు నిండిన కళ్లు. "మీరు నన్ను విడిపించడానికి వచ్చారు కదండీ" అన్నాడు. "మీ మొహం మీద ఎలా చెప్పనండీ. ఆ ముడి మీదేనండీ రాజుగారూ."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత మంగళవారం పొద్దున్న గుర్తొచ్చింది. సీసాలు కారులో పెట్టుకుంటున్నాను. ఫోన్‌లో తణుకు వాళ్లు తొందరపెడుతున్నారు. చక్రం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డ నిత్యానందంతో, వేలు చూపిస్తూ, నా పోలీసు గొంతుతో చెప్పిన మాట. 'నేను చెప్పేదాకా దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. మీరు కూడా ముట్టుకోకండి.' ఆయన 'చిత్తమండీ' అన్నాడు.

నేను మళ్లీ చెప్పలేదు. రిపోర్టు వచ్చాక అఖిలకి చెప్పాను గానీ ఆయనకి చెప్పలేదు. పైపు ఎప్పుడో తిప్పేసుంటారని కూడా అనుకోలేదు, అసలు ఆ ఆలోచనే రాలేదు. మంగళవారం, బుధవారం, గురువారం, మూడు రోజులు మే నెల ఎండలో ఆ మడుగు చుక్క కొత్తనీరు లేకుండా ఉడికింది.

"ఫోన్ చేసి అడగొచ్చు కదా" అన్నాను.

"నేనూ అదే అన్నానండీ. 'రాజుగారు పెద్దమనుషులు, మర్చిపోరు, వారే చేస్తారు. మనం చేస్తే తొందరపెట్టినట్టుంటుంది' అన్నారు. నిన్నంతా ఫోన్ చేత్తో పట్టుకునే కూర్చున్నారండీ. భోజనానికి కూడా ఫోన్ పక్కనే పెట్టుకున్నారు."

అఖిల నోటుపుస్తకం మూసేసింది. "నాకు మీరు నీళ్లు బాగున్నాయన్నారు కదా" అంది మెల్లగా. "పైపు తీశారా అని నేనూ అడగలేదండీ." నన్ను నిందించలేదు. నిందించినా బాగుండేది.

అప్పుడే జీపు దగ్గర్నుంచి కానిస్టేబుల్ ఒక కాగితం తెచ్చి శివాజీకిచ్చాడు. నిత్యానందం నంబరు మీద తెల్లవారుజామున వెళ్లిన కాల్స్ వివరాలు. శివాజీ చదివాడు. ఇంకోసారి చదివాడు. ఆ కాగితంలో ఉన్న నంబరు అతనికి కంఠతా వచ్చు. నా కింద ఉన్న నాలుగేళ్లూ వేళాపాళా లేకుండా ఆ నంబరుకే చేసేవాడు.

నేను ఎదురుచూశాను. పదిమందిలో చదువుతాడనుకున్నాను. అతని స్థానంలో నేనుంటే చదివేవాణ్ని. అతను కాగితాన్ని మడతపెట్టి, నా దగ్గరికొచ్చి, చేతిలో పెట్టాడు.

"మీరే చూడండి సార్" అన్నాడు.

నాలుగూ నలభై ఆరు, నాలుగూ నలభై ఏడు. రెండూ ఒకే నంబరుకి. సర్వీసులో లేని నా పాత నంబరు. మంగళవారం ఆయనకి కూడా కార్డిచ్చాను. ఆ తొందరలో నంబరు కొట్టేసి రాయడం మర్చిపోయాను. నన్నడగకుండా నా ముడి విప్పలేక, నన్నడుగుదామంటే నేను దొరక్క, ఎవరి ముడీ లేనిది ఆ షట్టరు ఒక్కటే కాబట్టి దాని దగ్గరికి పరిగెత్తాడు.

ఆకాశరామన్న ఉత్తరం రాసినవాడెవడో ఉత్తరంతోనే ఆగిపోయాడు. వాడు చేస్తానని బెదిరించిన పనంతా నేను చేసిపెట్టాను.

"జోగయ్యగారిని వదిలెయ్ శివాజీ" అన్నాను. "స్టేట్‌మెంటు నేనిస్తాను. పైపు మూయించింది ఎవరు, ఎప్పుడు, ఏ మాట చెప్పి. అన్నీ రాసుకో."

"తర్వాత రాసుకుందాం సార్."

"ఇప్పుడే. తారీఖు సరిగ్గా వెయ్యి."

ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. అతను నవ్వలేదు. కానిస్టేబుల్ వైపు తిరిగి, జోగయ్యగారిని ఇంటి దగ్గర దింపమని చెప్పాడు. 'గారు' అన్నాడు. జోగయ్య మాత్రం కదల్లేదు. మడుగు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"రాజుగారూ, రెండు దొరకలేదన్నారు కదండీ అమ్మాయిగారు" అన్నాడు. "అటు చివర చెట్టు వేళ్ల కింద లోతుంది. బురద అంతదూరం పోయుండకపోవచ్చు. మంచినీళ్లు తగిలితే..."

"మీరు విప్పెయ్యండి మరి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మీరే విప్పాలండీ."

చక్రం దగ్గర కూర్చున్నాను. గడ్డి ఎండకి బిగుసుకుపోయి గట్టిగా ఉంది. బ్లేడు అడుగుదామనుకుని అడగలేదు. కాపలా మనిషి శ్రద్ధగా వేసిన ముడి, ఎంత లాగినా జారేది కాదు. గోళ్లతో ఒక్కో పోగూ తీస్తూ వచ్చాను. అందరూ నిలబడి చూస్తున్నారు, ఒక్కరూ తొందరపెట్టలేదు. ముడి వదులయ్యాక వెంటి తీసి జేబులో పెట్టుకున్నాను. చక్రాన్ని రెండు చేతులా పట్టి తిప్పాను.

పైపు కాసేపు ఉత్త గాలి కక్కింది. తర్వాత నీళ్లు వచ్చాయి. తెల్లటి నీళ్లు నల్లటి మడుగులో ధారగా పడుతున్నాయి. జోగయ్య గట్టు అంచున గొంతుక్కూర్చుని, అటు చివర వేళ్ల వైపు కళ్లార్పకుండా చూస్తున్నాడు.

ఆ చప్పుడు పాకలోకి వినపడింది. గంగారత్నం అరుగు దిగి, పక్కవాళ్లు ఆపుతున్నా వినకుండా, చక్రం దాకా వచ్చింది. పడుతున్న నీళ్లకేసి చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. మూడు రోజులు మొగుడు ఎదురుచూసిన పని ఇప్పటికి అయినందుకు కాస్త తేరుకున్నట్టు ఉంది, అంతే.

"పైపు ఎవరు తీశారండీ?" అని అడిగింది.

జోగయ్య నాకంటే ముందు నోరు తెరవబోయాడు, ఏదో ఒకటి చెప్పి నన్ను కాయడానికి. నేను చెయ్యెత్తి ఆపాను.

"నేనేనమ్మా" అన్నాను. "మూసిందీ నేనే."